మా ఇంట్లో సైడ్రాకుడు

పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతున్నాను. వంటింటి కిటికీ అవతల మా కోడలు ఫోను గోడకు ఆనించి, దాని ముందు నిలబడి ఒకటే మాట పదేపదే అంటోంది. "ఐ గాట్ సైడ్‌ట్రాక్డ్. సారీ, ఐ గాట్ సైడ్‌ట్రాక్డ్." ఆ ఫోనులో ఎవరో అమ్మాయి రోజుకో ఇంగ్లీషు మాట చెబుతుంది. ముందు మాట, తర్వాత దాని అర్థం, ఆపైన ఎక్కడ ఎలా వాడాలో. కోడలు ఆ అమ్మాయి వెనకాలే అంటూ ఉంటుంది, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు.

నా చదువు ఐదో తరగతితో సరి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని బస్సు బోర్డు చదవగలను. అయితే నా చెవి మంచిది, పడ్డ మాట పోదు. ఆ పూట నా చెవిలో పడ్డది మాత్రం "సైడ్రాకుడు". అల్లుడు, తమ్ముడు, దేవుడు అన్నట్టే వినిపించింది.

"ఎవుడే ఆడు?" అని కేకేశాను.

"ఎవరండీ అత్తయ్యగారూ?"

"అదే, ఆ సైడ్రాకుడు. పొద్దున్నుంచి ఆడి పేరే జపం సేత్తన్నావు. మావోడికి తెలిత్తే ఊరుకుంతాడేటి?"

కోడలు కిటికీ ఊచలు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి వంటింటి గచ్చు మీద కూలబడింది. ఆమెది గోదావరి జిల్లా. వాళ్ళ నాన్నకి స్టీలు ప్లాంటులో పని దొరికితే అందరూ ఇటు వచ్చి గాజువాకలో స్థిరపడ్డారు. ఈ నీళ్ళు తాగుతూ పెరిగినా ఆ పిల్ల నోటి చివర 'అండీ' మాత్రం కరగలేదు. కోపం వస్తే అండీ, ఏడుపు వస్తే అండీ. వీధి కుక్కని కూడా "పోండి, పోండి" అని అదిలిస్తుంది.

"మనిషి కాదండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఒక పని మీద బయల్దేరి, మధ్యలో ఇంకోదాని మీదకి మనసు మళ్ళిపోయి, అసలు పని వదిలేస్తామే, దాన్ని అలా అంటారండీ."

"ఓస్, పరాకు అను."

"పరాకు వేరేమోనండీ."

ఆలోచిస్తే నిజమే, వేరే. పరాకు అంటే మనిషి ఇక్కడే ఉండి మనసు ఎక్కడా లేకపోవడం. పరధ్యానమూ అంతే, కాకపోతే కాస్త పెద్ద మాట. ఈ సైడ్రాకుడి సంగతి అలా కాదు. మనసు ఉంటుంది, గట్టిగానే ఉంటుంది, కానీ ఉండాల్సిన దాని మీద కాక పక్కదాని మీద ఉంటుంది. బట్టలు తీద్దామని డాబా ఎక్కి, పక్క డాబా ఆవిడతో ఆవకాయ సంగతి మాట్లాడి, ఆవిడ ఇచ్చిన కరివేపాకు పట్టుకుని, బట్టలు ఆరేసిన చోటే వదిలేసి దిగి వస్తాను నేను. మా ఆయన ఇంకా ఘనులు. బెండకాయలు తెమ్మని సంచి ఇస్తే, దారిలో రైలు గేటు పడుతుంది. గూడ్సు బండి వెళ్ళేదాకా చూస్తూ నిలబడతారు. గేటు తీయగానే అటు దాటకుండా వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేస్తారు, వట్టి సంచితో.

"అయితే ఆడు మనింట్లోనే ఉన్నాడే," అన్నాను.

ఆ మాట మా మనవరాలు పట్టేసింది. ఒకటో తరగతి చదువుతోంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు ఏది మరిచినా "తాతకి సైడ్రాకుడు పట్టీసినాడండీ" అని వీధికి వినబడేలా చాటింపు. దాని నోట మా యాస, వాళ్ళమ్మ 'అండీ' రెండూ కలిసి ఉంటాయి.

ఇప్పుడు ఇంత వాగే ఆ గుంటకి ఒకప్పుడు మాట లేదు.

వీధిలో దాని ఈడు పిల్లలందరూ అమ్మా నాన్నా దాటిపోయి తగువులాడే దాకా వచ్చారు. ఇది మాత్రం వేలు చూపించేది. నీళ్ళు కావాలంటే కుండ వైపు, నిద్ర వస్తే చాప వైపు. చెవులు చూపించాం, బాగున్నాయన్నారు. డాక్టరమ్మ ఒకటే చెప్పింది. ఫోను ఇవ్వొద్దు, టీవీ ముందు వదలొద్దు, ఎవరో ఒకరు రోజంతా పిల్ల ముఖంలోకి చూసి మాట్లాడుతూ ఉండాలి అంది. అప్పటికి కోడలు మధురవాడలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. ఎక్కడెక్కడివో ఆసుపత్రుల రికార్డులు సరిచూసే పని. మా అబ్బాయిది పరవాడలో మందుల కంపెనీ, షిఫ్టులు.

"నానున్నాను కదే, వాగడానికి," అన్నాను కోడలితో. "నువ్వు ఉద్యోగం మానడమెందుకు?"

"మీరు మాట్లాడితే అది వింటుందండీ అత్తయ్యగారూ. మాట్లాడదు. మీరు సందు ఇవ్వరు కదండీ."

నిజం చెప్పింది. నాకు కోపం కూడా రాలేదు.

ఉద్యోగం మానేసింది. మా వైపు పిల్లలకి అన్నం ఏమార్చి పెడతాం. అదిగో కాకి, అదిగో పిల్లి అని చూపించి, నోరు తెరవగానే ముద్ద పెట్టేస్తాం. ఏమార్చడం అంటే మోసం చేయడమని కూడా అర్థం ఉంది గానీ, పిల్ల కడుపు నిండే మోసాన్ని ఎవరూ తప్పు పట్టరు. కోడలు తల్లకిందులుగా చేసింది. ముద్ద చేత్తో పట్టుకుని కాకిని చూపించి, "ఏంటది? ఏంటది?" అని అడిగి, పిల్ల పెదవి కదిలేదాకా ఆగేది. అన్నం చల్లారిపోయేది. పిల్ల కదపదు. మళ్ళీ వేడి చేసి తెచ్చి మళ్ళీ అడిగేది. ఒక పూట భోజనానికి ఎండ గుమ్మం దాటి నడవలోకి వచ్చేసేది.

సాయంత్రాలు పిల్లని ఎత్తుకుని రైలు గేటుకి తీసుకెళ్ళేది. పోర్టు నుంచి బొగ్గు బళ్ళు పోతాయి అక్కడ. "వస్తోంది, వస్తోంది, వస్తోంది" అని చెవిలో చెబుతూ ఉండేది. చివరి వేగను దాటగానే అరచెయ్యి తెరిచి చూపించి, "అయిపోయింది" అనేది. వాన వస్తే గొడుగు. నేను వెనకాల సంచి పట్టుకుని నిలబడేదాన్ని. ఎన్ని బళ్ళు వెళ్ళాయో, ఎన్నిసార్లు అయిపోయిందో.

ఒకనాడు చివరి వేగను పోయింది. కోడలికి ఆ రోజు గొంతు బాగోలేదు, దగ్గు వచ్చి అనలేకపోయింది. సంకలో పిల్ల చెయ్యి తెరిచి, "పోంది" అంది.

కోడలు అక్కడే, గేటు స్తంభం పక్కన బొగ్గు మట్టిలో కూర్చుండిపోయింది. వెనక బైకులు హారన్లు కొడుతున్నాయి. గేటు మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఏటమ్మా, దెబ్బ తగిలిందా?" అని. కాదని చెప్పడానికి ఆమెకి మాట రాలేదు. ఆ పూట మాటలన్నీ పిల్లకే వెళ్ళిపోయినట్టున్నాయి.

ఆ తర్వాత మెల్లమెల్లగా మాటలు వచ్చాయి. బడికి పంపాం. కోడలు మళ్ళీ ఉద్యోగాలకి అర్జీలు పెట్టడం మొదలుపెట్టింది. ఏ ఆఫీసు వాళ్ళయినా ఒకటే అడుగుతున్నారు. మధ్యలో ఇన్నేళ్ళు ఖాళీ ఏమిటి? ఈమె తడబడుతుంది, వాళ్ళు సరే చెబుతాం అంటారు, చెప్పరు. చివరికి మధురవాడలోనే ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. "ఈసారి కూడా పోతే ఇంక అడగనండీ. ఇంట్లోనే ఉండిపోతాను," అంది ఒకనాడు బియ్యం ఏరుతూ, నా వైపు చూడకుండా. ఆమెకి ఆ పని ఎంత ఇష్టమో నాకు తెలుసు. పాత ఆఫీసు గుర్తింపు కార్డు మెడ పట్టీని ఇంకా బీరువా తలుపు వెనక మేకుకి తగిలించి ఉంచుకుంది.

పాత ఆఫీసులో స్నేహితురాలు ఒక వాక్యం చెప్పిందట. కుటుంబం వల్ల సైడ్‌ట్రాక్ అయ్యాను, ఇప్పుడు మళ్ళీ దారిలో పడ్డాను అని ఇంగ్లీషులో అనమంది. అందుకే ఈ జపం.

అలవాటు కావాలంటే ఎదురుగా ఎవరో కూర్చుని అడగాలి అంది కోడలు. నేను కూర్చున్నాను. హాల్లో కుర్చీ వేసుకుని మా ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాను. నాకేమీ కనిపించలేదు గానీ హోదా వచ్చింది. మా ఆయన కింద చాప మీద వెల్లుల్లి వలుస్తున్నారు.

"సెప్పమ్మా," అన్నాను, "మజ్జిలో ఖాళీ ఏటి? ఏటి సేత్తన్నావు ఇన్నాళ్ళూ?"

"ఇంగ్లీషులో అడగాలండీ."

"నాకు రాదని ఆళ్ళకి సెప్పు. నువ్వు కానీ."

కోడలు చీర సర్దుకుని నిటారుగా కూర్చుంది. "ఐ గాట్ సైడ్‌ట్రాక్డ్ బై మై ఫ్యామిలీ."

"అంటే?"

"నా కుటుంబం వల్ల అసలు దారి వదిలి పక్కకి పోయాను అనండీ."

"కుటుంబమంటే ఎవరు? మేవేటి సేసినాం?"

"మీరు కాదండీ. పాప కోసమే కదండీ మానేసింది. అదే."

తలుపు దగ్గర పాప నిలబడి ఉంది. పలక చంకలో ఉంది. ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు.

"అమ్మా," అంది, "సైడ్రాకుడంటే నానేనా అండీ?"

రోజూ ఆ మాట వీధంతా చాటేది అదే. అంతదాకా ఆ వేలు దాని వైపు తిరగలేదు. నేను కళ్ళజోడు తీసేశాను.

మా ఆయనే కదిలారు. పోర్టు రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారాయన. బండి ఏ లైనులోకి వెళ్ళాలో ఆ లైనుకి పట్టాలు మళ్ళించే పాయింట్లు మార్చడం ఆయన పని. "ఇలా రాయే గుంటా," అని పాపని చాప మీద కూర్చోబెట్టుకున్నారు. చీపురు పుల్లలు రెండు పొడుగ్గా పెట్టారు, పక్కన ఇంకో రెండు పెట్టారు. వెల్లుల్లి రెబ్బలు వరసగా పేర్చి బండి చేశారు.

"ఇది మెయిన్ లైను. ఇది పక్క లైను, సైడు ట్రాకు. బండి తనంతట తాను పక్క లైనెక్కేత్తాదేటి?"

"ఎక్కదండీ."

"మరి? ఎవుడో ఒకడు దిగాలి. దిగి, లీవరు లాగి, తాళమెయ్యాలి. నానే దిగీవోడిని. ఎండనీ, వాననీ దిగాల్సిందే. పక్క లైనులో ఎట్టినాక బండి కదలకుండా సక్రాల కింద సెక్క దిమ్మెట్టాలి. అదంతా ఎందుకు?"

"ఎందుకండీ?"

"సరుకు ఎక్కించడానికి. బొగ్గయినా, ఎరువయినా పక్క లైనులోనే ఎక్కుతాది. మెయిన్ లైను మీద బండి పరిగెడతాదంతే, నిండదు. నిండినాకే లైనులో కొత్తాది. నువ్వు సైడ్రాకుడివి కాదే. నువ్వు సరుకువి."

"ఏం సరుకండీ?"

"మాటల సరుకు. దించలేకపోతన్నాం."

పాప నవ్వింది. వెల్లుల్లి బండిని తోసుకుంటూ గుమ్మం దాకా పోయింది. కోడలు మాత్రం నవ్వలేదు.

"మావయ్యగారూ, ఇంగ్లీషులో ఆ మాటకి ఆ అర్థం లేదండీ. తప్పిపోవడం అనే అర్థమండీ."

"మాట మన యార్డుది కదేటి. ఆళ్ళు అట్టుకుపోయి పాడుసేసినారు."

"వాళ్ళకి ఇవన్నీ చెప్పలేం కదండీ," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆ వాక్యం ఆమె నోట వినలేదు. దాని బదులు ఇంకోటి కూడా వినలేదు. ఫోను ముందు నిలబడి మిగతా ప్రశ్నలన్నిటికీ చెప్పుకునేది. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ఆగి, గ్లాసు కడిగేది. కడిగిన గ్లాసే మళ్ళీ.

ఇంటర్వ్యూ నాడు పాపకి బడి లేదు. మా ఆయన దగ్గర వదిలితే ఇద్దరూ గేటు దగ్గరే ఉంటారని నేనూ పాపా కూడా బయల్దేరాం. మల్కాపురంలో ఎక్కి, కాంప్లెక్సు బస్టాండులో బస్సు మారి, ఊరంతా దాటుకుని మధురవాడ. కోడలు ఇస్త్రీ నలగకుండా దారంతా నిలబడే ఉంది. ఆఫీసు ముందు బైకులూ, క్యాబులూ. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద మేం కూర్చున్నాం. ఆమె అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"అమ్మ ఏ లైనులో ఉందండీ ఇప్పుడు?" అంది పాప.

"ఎక్కుతంది, ఎక్కుతంది. నువ్వు బిస్కట్టు తిను."

అది తింటూ టీ కొట్టతనికి గేటు సంగతి, తాత సంగతి, దాని పన్ను ఊడిన సంగతి అన్నీ చెప్పింది. నేను వినడం లేదు. తలుపు వైపే చూస్తున్నాను. మెడలో పట్టీలు వేసుకున్న ఆడపిల్లలు గుంపులుగా వస్తున్నారు, పోతున్నారు. ఆ గుంపులో మా కోడల్ని నిలబెట్టి చూసుకుంటున్నాను. బాగానే ఉంది.

బయటికి వచ్చింది. ముఖం చూస్తే ఏడ్చిందో నవ్విందో తెలియలేదు.

"ఏటయింది?"

"పోయిందండీ," అంది. బస్టాపులో నిలబడ్డాక చెప్పింది. "అడిగారండీ, మధ్యలో ఖాళీ ఏంటని. ఒక మేడమ్, ఒక కుర్రాడు. ఐ గాట్... అన్నాను. అక్కడ ఆగిపోయానండి. తలుపు దగ్గర పలకతో నిలబడిందే పాప, అదే కనబడింది."

"మరేటన్నావు?"

"మొదలెట్టేశాను కదండీ, పూర్తి చెయ్యాలి. ఐ గాట్ డౌన్ అన్నానండి. దిగానని. దిగి పాయింట్లు మార్చుకున్నానన్నాను."

"ఓలమ్మా!"

"ఆ కుర్రాడు ఏం పాయింట్లు అన్నాడండీ. అప్పుడింక మావయ్యగారు, యార్డు, చీపురుపుల్లలు, వెల్లుల్లిపాయలు, సరుకు, పాపకి మాట లేకపోవడం, గేటు దగ్గర 'పోంది' అనడం, మొత్తం చెప్పేశానండీ. ఇంగ్లీషు అయిపోయింది, తెలుగులో కూడా చెప్పేశాను. ఆ మేడమ్ చాలాసేపు విని, పెన్ను బల్ల మీద పెట్టి ఏమందో తెలుసాండీ? మనం సైడ్‌ట్రాక్ అయిపోతున్నాం, మళ్ళీ ప్రశ్నకి వద్దాం అందండి. సరిగ్గా ఆ మాటే."

"నువ్వేటి సేసినావు?"

"నవ్వేశానండీ. మీరు 'ఎవుడే ఆడు' అన్నది గుర్తొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఇంటర్వ్యూలో ఎవరైనా అలా నవ్వుతారాండీ?"

నాకూ నవ్వొచ్చింది. బస్సులో ఇద్దరమూ కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాం. కంచరపాలెం దాటాక ఆమె నవ్వడం ఆపేసింది. నేను ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను, అంతే.

తర్వాత ఫోను రాలేదు. ఇంగ్లీషు అమ్మాయి గొంతు ఇంట్లో వినబడటం ఆగిపోయింది. కోడలు మెడ పట్టీని మేకు నుంచి తీసి ఎక్కడో లోపల పెట్టేసింది. మా ఆయన అడగకుండానే బెండకాయలు తెచ్చారు, సరిగ్గా. అంటే ఆయన మనసూ బాగోలేదన్నమాట.

ఒక సాయంత్రం నెత్తళ్ళ పులుసు పొయ్యి మీద పెట్టాను. కోడలు డాబా మీద బట్టలు తీస్తోంది. ఫోను అలమరలో మోగింది. నా చేతుల నిండా చింతపండు. నేను తుడుచుకునేలోపే పాప తీసేసింది.

"ఏటండీ? ఎవరండీ? అమ్మ డాబా మీద బట్టలు తీత్తందండీ. నాన్నమ్మ పులుసు ఎడతందండీ. నెత్తళ్ళండీ. మీరు తింటారా అండీ?"

ఎవరో చుట్టాలనుకున్నాను.

"మధురవాడా అండీ? నానొచ్చినానండీ. మీ ఎదురు కొట్టులో బిస్కట్టు బాగుంటాదండీ."

ఆ ఆఫీసు వాళ్ళే! "ఇటియ్యే తల్లీ," అన్నాను. ఇవ్వదు. చెవికి గట్టిగా నొక్కుకుంది. లాక్కుంటే వేలు ఎక్కడ పడుతుందో, లైను తెగిపోతుందేమో. "ఇదిగో, కోడల్ని పిలవండి," అని మా ఆయన్ని తరిమాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్నారు, ఒక్కో మెట్టూ. ఇక్కడ పాప మా ఇంటి చరిత్ర మొత్తం విప్పింది. "మా ఇంట్లో సైడ్రాకుడున్నాడండీ. ఆడు కనబడడండీ. తాతకి పడతాడు, నాన్నమ్మకి పడతాడు. నాకు పట్టడండీ, నాను సరుకునండీ."

మాట రావాలని మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఒక్క క్షణం ఆగాలని ఎవరికి మొక్కాలి?

చివరికి ఆ పాత విద్యే. వీధి వైపు చూసి, "అదిగో, గేటు పడింది! గూడ్సు వత్తంది!" అన్నాను.

పాప ఫోను గచ్చు మీద పెట్టి వీధి అరుగు మీదకి పరుగెత్తింది. నేను చింతపండు చేతుల్తో ముట్టుకోకుండా, ఫోను పక్కనే గచ్చు మీద వంగి కూర్చుని, "అమ్మా, ఉండండమ్మా, వచ్చేస్తోంది, ఎట్టేయకండి" అని దానితో మాట్లాడుతున్నాను. కోడలు భుజాల మీద బట్టలతో వచ్చి అందుకుంది.

"యెస్ మేడమ్." గోడకి ఆనుకుంది. భుజం మీది బట్టలు ఒక్కొక్కటీ జారి కింద పడుతున్నాయి. "యెస్ మేడమ్. థాంక్యూ మేడమ్." పెట్టేసింది.

మా ఆయన మెట్ల మీదే నిలబడ్డారు, దిగకుండా.

"వచ్చే నెల నుంచి రమ్మన్నారండీ," అంది. "మావయ్యగారూ, రమ్మన్నారండీ." ఆ తర్వాత, "'మాటలు రానిది ఈ పాపేనా' అని అడిగారండీ మేడమ్." అప్పుడు కూర్చుంది, అచ్చం గేటు దగ్గర కూర్చున్నట్టే, రాలిపోయిన బట్టల మధ్య.

పాప మొహం ముడుచుకుని లోపలికి వచ్చింది. "గూడ్సూ లేదు, ఏటీ లేదు. నన్ను ఏమార్చినావు నాన్నమ్మా." ఒక్క క్షణం ఆగి ముక్కు ఎగబీల్చింది. "పులుసు మాడిపోతందండీ. సైడ్రాకుడు నీకే పట్టినాడు."

నిజంగానే అడుగంటింది. ఆ పూట అందరం మాడు వాసన పులుసే తిన్నాం. షిఫ్టు నుంచి వచ్చి మా అబ్బాయి కూడా ఏమీ అనకుండా రెండోసారి వేయించుకున్నాడు.

ఇప్పుడు కోడలు పొద్దున్నే బస్సెక్కుతుంది. సాయంత్రం పాపని బడి నుంచి తీసుకురావడం తాత పని. బడికీ ఇంటికీ మధ్య ఆ గేటు ఉంది. గూడ్సు వస్తే ఇద్దరూ ఆఖరి వేగను దాకా నిలబడి, ఆపైన ఇంటికి వస్తారు. కోడలు బస్సు దిగే వేళకి కూడా ఒక్కోసారి రారు. ఆమె చెప్పుల్లోనే గుమ్మంలో నిలబడి, "ఎక్కడున్నారండీ వీళ్ళు?" అని అడుగుతుంది.

"పక్క లైనులో," అంటాను. ఆమె సంచి నా చేతికిచ్చి, గేటు వైపు నడుస్తుంది.